పగిలిన పైపు

మా పినతండ్రిగారికి డెబ్బదియైదేండ్లు. ముప్పదియేండ్లుగా వారి చేతిని విడువని బ్రయరు పైపు గిన్నెలో మొన్న నొక పగులు కానవచ్చినది. రెండు గొట్టములనుండి పిండి కలిపెడి గట్టి జిగురు బజారునుండి తెచ్చి, వారే దానిని పూడ్చబోవుచుండగా మేము పోయితిమి.

"లోపల పూస్తే ఎవరికి కనబడుతుందిరా?" అనిరి.

"కనబడదు బాబాయ్, కాలుతుంది. ఆ పొగ మీరే పీలుస్తారు" అంటిమి.

అట్టి జిగురు ఇనుము నతికించుటకు మంచిదే. కాని నిప్పు సోకినచో చెడి విషవాయువులను వెలువరించును. లక్కయు, వార్నీషును నట్టివే.

పొగ త్రాగవలదని పదిమందికి బోధించు మేము పైపునకు వైద్యము చేయుటా యని చదువరులు నవ్వవచ్చును. మాకును సంకోచము కలిగినది. పైపు త్రాగుటవలన పెదవికి క్యాన్సరు కలుగునని 1964లో అమెరికా ప్రభుత్వ ప్రధానవైద్యాధికారి ప్రకటించిన నివేదికలోనే యున్నది. ఆ సంగతి చదివి వినిపించితిమి. వారు కండ్లజోడు తుడుచుకొనుచు సాంతము విని, "అయితే జిగురు వద్దంటావు" అనిరి. మేము చేయకున్న వారు జిగురే పూయుదురు. కావున పైపును చేతికి దీసికొంటిమి.

బ్రయరనునది మధ్యధరాసముద్రతీరమున పెరుగు నొక పొద. దాని వేరుమొదట నూరు బుడిపెను కోసి, ఉడికించి, నెలలతరబడి యారబెట్టి గిన్నెలుగా తొలుతురు. నిప్పున కోర్చు కొయ్య. 19వ శతాబ్ది మధ్యమునుండి ఫ్రాన్సులోని సెయింట్ క్లాడ్ పట్టణ మీ పనికి ప్రసిద్ధి. అట్టి కొయ్య యేల పగులును? తరచుగా మసివలన. పలుచని మసిపొర కొయ్యకు కవచము. మందమైనచో వేడికి కొయ్యకంటె నెక్కువగ వ్యాకోచించి గోడను చీల్చును. పినతండ్రిగారి గిన్నెలో చిటికెనవ్రేలైన దూరకుండెను.

పగులున్నచోట కొయ్య కనబడువరకును, తక్కినచోట నొక్క మిల్లీమీటరు మందము మిగులునట్లును మొన లేని చాకుతో మసి గీకి, దీపపు వెలుగున చూచితిమి. పగులు వెండ్రుకవంటిది, వెలుపలికి రాలేదు. వెలుపలికి వచ్చినను, త్రాగునపుడు పైభాగ మొకచోట చేయి కాల్చినను, నల్లబడినను, అట్టి పైపునకు చికిత్స లేదు, పారవేయవలసినదే.

తరువాతి పనికి గోదావరి లంకపొగాకు చుట్ట యక్కరకు వచ్చినది. పొరుగువారు కాల్చిన చుట్టల బూడిదను పలుచని గుడ్డలో జల్లించి, నీటిబొట్లతో, విభూతి తడిపినట్లు, ముద్ద చేసితిమి. పొగదారి పూడిపోకుండ నందొక సన్నని పుల్ల నుంచి, ముద్దను పగులులోనికి వ్రేలితో నదిమి, పైని పలుచగ నలికితిమి. బూడిద యొకసారి కాలినదే గనుక మరల కాలుట కందేమియు లేదు. పూర్తిగ నారుటకు రెండు దినములు పట్టినది. ఇది శాశ్వతము కాదు; రాలినప్పుడు మరల పూయవలెను. మొదటి కొన్ని మారులు సగము గిన్నె మాత్రమే నింపి మెల్లగ కాల్చవలెను.

పైపు నిచ్చి వచ్చి నెల దాటినది. వారిప్పటికిని సగమే నింపుచున్నారని నిన్న మా పినతల్లిగారు చెప్పిరి. అతుకు మరల విడునేమో యని భయమట. ఆ భయమును మేము తీర్పలేదు.