డార్ట్‌మూర్‌లో దాచిన డబ్బా

గళ్ళ నుడికట్టులో ఆఖరి మాట తేలకపోతే పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవని వాళ్ళు మనలో లేరంటారా? అలాంటివారికి తగిన ఆట ఇంగ్లండులో చూసొచ్చాను. పేరు జియోకాషింగ్. ఎవరో ఓ డబ్బాని ఊరి బయట దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్‌నెట్‌లో పెడతారు. సెల్‌ఫోను చూసుకుంటూ వెళ్ళి వెతకాలి. కొన్నిటికి అన్ని అంకెలూ ఇవ్వరు. పొడుపుకథ విప్పితేనే మిగతావి దొరుకుతాయి.

రేపు నా తిరుగు ప్రయాణమనగా మా అమ్మాయి డెవన్‌లోని డార్ట్‌మూర్ కొండబీళ్ళకు తీసుకెళ్ళింది. ఊరు వైడ్‌కోంబ్. 'చర్చి మీద పిడుగు పడిన ఏడాదిలో చివరి మూడంకెలు' కావాలట. లోపల చెక్క పలకల మీద ఆ కథంతా పద్యాల్లో ఉంది. 1638 అక్టోబరు 21న ప్రార్థన జరుగుతుండగా పిడుగు పడి నలుగురు చనిపోయారు, 60 మంది దాకా గాయపడ్డారు. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

అంకెలు రాసుకుని బయల్దేరాం. పచ్చపూల ముళ్ళపొదల్లో అరగంట వెతికినా ఏమీ లేదు. పొగమంచు దిగుతోంది. "పోదాం పదమ్మా" అంది పిల్ల, మొహం చిన్నబుచ్చుకుని. నాకు మనసొప్పలేదు. కాగితం అడిగి చూద్దును కదా, 638 బదులు 683 అని ఉంది! ఆ లెక్కలో ఉత్తరం అంకె చివర ఒకటి మారితే దాదాపు రెండు మీటర్లు తేడా. మేం 80 మీటర్లు దాటొచ్చేశాం! వెనక్కి దిగితే రాతిగోడ సందులో ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా. అందులో చిన్న పుస్తకం, పెన్సిలు, పిల్లల బొమ్మలు.

ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలి. సంచిలో సున్నుండలున్నాయి గానీ తినేవి పెట్టకూడదట, వాసనకి జంతువులొచ్చి డబ్బా కొరికేస్తాయి. టిక్లీల పాకెట్టు పెట్టాను. పుస్తకంలో ఇద్దరి పేర్లూ తెలుగులోనే రాశాను. అమ్మాయి కింద తేదీ వేసింది.

అన్నట్టు, ఈ ఆట 2000 మే 3న అమెరికాలోని ఆరిగన్‌లో పుట్టింది. డార్ట్‌మూర్‌కి ఈ సరదా అంతకు ముందే ఉంది సుమండీ! 1854లో జేమ్స్ పెరట్ అనే దారి చూపించే ఆయన క్రాన్‌మియర్ అనే బురద పల్లంలో ఓ సీసా పెట్టాడు, అంతదూరం నడిచొచ్చిన వాళ్ళు తమ పేరు చీటీ వేసి వెళ్ళడానికి.

మీరూ వెళితే చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. చీర అసలే వద్దు, నా కుచ్చిళ్ళు ముళ్ళపాలయ్యాయి. ఉత్తరం వైపు సైన్యం తుపాకులు పేల్చే చోట్లున్నాయి, ఎర్రజెండా కనిపిస్తే అటు వెళ్ళకండి.