కార్తీకంలో కొండలపైకి

ఆరు ఋతువుల్లో ప్రయాణానికి పెట్టింది పేరు శరత్తు. వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరక, ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉండే రోజులవి. బురదలు ఆరి, ఏళ్ళు తేటపడి, దారులు నడవడానికి వీలుగా ఉంటాయని పూర్వం రాజులు జైత్రయాత్రలకు ఈ కాలాన్నే ఎంచుకునేవారు. మా వంటి ఉపాధ్యాయులకు జైత్రయాత్రలు ఎక్కడివి? రెండు రోజులు కలిసివచ్చి, పిల్లలతో ఊరు దాటగలిగితే అదే పదివేలు.

తెలుగు చదువుకున్నవాడికి ఈ ఋతువుతో మరో చుట్టరికం కూడా ఉంది. మహాభారతంలో నన్నయగారి రచన అరణ్యపర్వం మధ్య, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. సుమారు మూడు వందల ఏళ్ళ తరవాత ఎర్రన ఆ మిగిలిన భాగాన్ని అందుకుంటూ శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. ఈ సంగతి ఏటా క్లాసులో చెబుతూనే ఉంటాను. చెప్పడమే గాని, విశాఖపట్నంలో కాపురముంటూ, 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న అరకులోయను శరత్తులో ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. కారణం మా నాన్నగారు. ఆయన రారు. ఆయన్ను వదిలి మేము వెళ్ళలేము.

1963లో, ఇరవై ఏళ్ళ వయసులో, నాన్నగారు ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా ఆ కొండలెక్కారు. బస్తరులోని బైలదిల్లా గనుల నుంచి ఇనుపరాయి విశాఖ రేవుకు దించి జపానుకు పంపడం కోసం కొత్తవలస నుంచి కిరండూలు దాకా సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గం వేస్తున్న రోజులవి. తూర్పు కనుమలను తొలుచుకుంటూ ఆ దారిలో మొత్తం 58 సొరంగాలు తవ్వారు. నాన్నగారి పని కూలీల హాజరు రాయడం. డేరాలో ఆయనతోబాటు ఉండే తోటి గుమాస్తా ఒక కార్తీకమాసంలో చలిజ్వరం తగిలి మూడు రోజుల్లో పోయాడు. వాన్ని అక్కడే దహనం చేసి, ఆ మరుసటి నెలలోనే నాన్నగారు కొండ దిగిపోయారు. మళ్ళీ ఎక్కలేదు.

మా అమ్మ పోయిన తరవాత ఆయన వీధి గుమ్మం దాటడమే తగ్గించారు. దానికి తోడు కంట్లో నీటికాసులు. ఎదురుగా ఉన్న మనిషి ఆకారం తెలుస్తుందిగాని ముఖం తెలియదు. అటువంటిది, 2024 దీపావళి వెళ్ళిన మరునాడు తనంతట తానే పిలిచి, "ఒరే, ఈ మిణుకు చూపైనా పోకముందు ఓసారి ఆ కొండలెక్కి రావాలిరా" అన్నారు. మా ఆవిడ కాలెండరు తెచ్చింది. కార్తీక పౌర్ణమి శుక్రవారం పడింది. నేను ఒకరోజు సెలవు పెట్టాను. అంతే!

కిరండూలు పాసింజరు పొద్దున్నే ఏడింటిలోపు విశాఖ వదిలింది. అద్దాల కప్పుతో ఉండే విస్టాడోమ్ పెట్టెలు ఈ దారిలో 2017లో వచ్చాయి. అందులో చోటు దొరకలేదని పిల్లలు ముఖం ముడుచుకున్నారుగాని, కిటికీ దగ్గర కూర్చుని గాలి ముఖాన కొట్టించుకునే సుఖం అద్దాల వెనక దొరకదని వాళ్ళకు కాసేపట్లోనే తెలిసివచ్చింది. కొత్తవలస, శృంగవరపుకోట దాటేదాకా పొలాలు. వరి ఈనిక తీసి బంగారువన్నె తిరుగుతోంది. బొడ్డవర దాటాక రైలు కొండకు ఎదురు తిరిగింది. మేమెక్కుతున్న పట్టాల మీద ముందు ఎక్కడో పైనున్న వంపు కనబడుతుంది. కాసేపటికి మనమే ఆ వంపులో ఉంటాము. వెనక్కు చూస్తే దాటివచ్చిన వంతెన బొమ్మలా కింద కనిపిస్తుంది. ఎదురుగా ఇనుపరాయి నింపుకున్న గూడ్సుబళ్ళు ఎర్రని దుమ్ముతో దిగివస్తున్నాయి.

పెద్దలం ఉపవాసం. పిల్లలు మాత్రం శివలింగపురం వచ్చేలోపే పులిహోర పొట్లాలు ఖాళీ చేశారు. నాన్నగారు చిన్నవాణ్ణి దగ్గరకు పిలిచి, "అబ్బాయ్, నాకు కళ్ళు సరిగా లేవు. చిమిడిపల్లి స్టేషను దాటిన తరవాత మూడో సొరంగం రాగానే నాకు చెప్పాలి. అది దాటగానే మా డేరాలుండే చోటు" అన్నారు. వాడికి తొమ్మిదేళ్ళు. అంత పెద్ద ఉద్యోగం ఎవరూ అప్పగించి ఉండరు. కిటికీ ఊచలు పట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు.

త్యాడ వెళ్ళింది. చిమిడిపల్లి వచ్చింది. నాన్నగారు చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని తలుపు దాకా వచ్చారు. చూపు లేకపోయినా చప్పుడును బట్టి సొరంగం పోల్చుకోగలనని ఆయన ధీమా. అయితే ఈ కాలపు కుర్రకారు సొరంగం వచ్చిందంటే చాలు, పెట్టె దద్దరిల్లేటట్టు కేకలు వేస్తారు. చీకట్లో ఆ గోలకు చక్రాల చప్పుడే వినిపించలేదు. రెండు సొరంగాల మధ్య రెప్పపాటు వెలుగు వచ్చి పోయింది. వెలుగులోకి వచ్చాక చిన్నవాడు "తాతయ్యా, ఇదే!" అని అరిచాడు.

నాన్నగారు లోయవైపు తిరిగి చేతులు జోడించారు. పెదవులు కదిలాయిగాని మాట వినబడలేదు. ఆ రెప్పపాటు వెలుగును చిన్నవాడు లెక్కలోకి తీసుకోలేదేమోనని నాకు అనుమానం తగిలింది. వాడి ముఖం చూశాను. వాడికీ తగిలినట్టే ఉంది. ఇద్దరం నోరు మెదపలేదు. రైలు మరో సొరంగంలో దూరింది.

ఆ పైన బొర్రా గుహలు, శిమిలిగుడ. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు 997 మీటర్ల ఎత్తులో ఉంది. బ్రాడ్‌గేజి మార్గంలో దేశంలోకెల్లా ఎత్తయిన స్టేషనని దానికి చాలాకాలం పేరుండేది. అక్కడినుంచి కొంచెం దిగితే అరకు. దిగేసరికి ఎండ కాస్తున్నా గాలి చల్లగా ఉంది.

అరకులో కార్తీకమంటే వలిసెపూలు. వాలుల మీద, వాగుల పక్కన, ఇళ్ళ వెనక, ఎక్కడ చూసినా పసుపే. మెరకనేలల్లో వానాకాలం చివర వేసిన వలిసె ఈ నెలలో విరగబూస్తుంది. గింజల నుంచి నూనె తీస్తారు. విదేశాల్లో పెంపుడు పిట్టలకు మేతగా కూడా వాడతారని చెబితే మా పెద్దమ్మాయి నమ్మలేదు. చేలగట్టు మీద నిలబడితే తేనెటీగల రొద తప్ప మరో చప్పుడు లేదు. ఫోటోల కోసం వచ్చేవాళ్ళు చేను తొక్కేస్తున్నారని రైతులు కొందరు మనిషికింతని రుసుము పెట్టారు. మాకు దారి చూపిన ముసలామె డబ్బు పుచ్చుకుంటూ, "పువ్వు చూడండి బాబూ, మొక్క తొక్కకండి" అంది. న్యాయమైన మాట. నాన్నగారికి ముఖాలు తెలియవుగాని ఆ పసుపు మాత్రం తెలిసింది. "అప్పుడూ ఇంతే. హాజరుపట్టీ నిండా ఈ పుప్పొడే రాలేది" అన్నారు.

సాయంత్రం మేము దిగిన బస పెరట్లో మా ఆవిడ ఉసిరికాయ మీద వత్తి వేసి దీపం పెట్టింది. కొండ అంచు మీద వెన్నెల ముందు వచ్చి, చంద్రుడు తరవాత వచ్చాడు. పట్నంలో పౌర్ణమి అంటే కాలెండరులో ఒక గుండ్రని గుర్తు. ఇక్కడ చెట్ల నీడలు నేలమీద గీతలు గీసినట్టున్నాయి. లోయలో పల్చని మంచు పాలు పొంగినట్టు లేస్తోంది. ఉపవాసం విడిచి, రగ్గులు కప్పుకుని అరుగు మీద కూర్చున్నాము.

చిన్నవాడు అన్నం సరిగా తినలేదు. చివరకు తాతగారి దగ్గరకు వెళ్ళి, "తాతయ్యా, నేను తప్పు లెక్కపెట్టానేమో. మధ్యలో వెలుగు వచ్చింది. అది నేను ఒకటే సొరంగమనుకున్నాను. నాలుగోదాని దగ్గర చెప్పానేమో" అన్నాడు. గొంతు వణికింది.

నాకు ఊపిరాడలేదు. అరవై ఏళ్ళ తరవాత వచ్చిన మనిషి, తప్పు చోట చేతులు జోడించానని తెలిస్తే ఏమవుతారో అని భయం. నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత వాణ్ణి రగ్గులోకి లాక్కుని నవ్వారు. "నేను ఎక్కడున్నా వాడికి కనిపించే ఉంటాలేరా. నాకే గదా కళ్ళు లేనిది!" అన్నారు. ఆ రాత్రి మొదటిసారిగా ఆ స్నేహితుడి ముచ్చట్లు చెప్పారు. ఎలా నవ్వేవాడో, గంజిలో ఉప్పు ఎక్కువ వేసుకుని ఎలా తిట్లు తినేవాడో! నలభై ఏళ్ళు దాటిన నాకు అవన్నీ కొత్త. ఇన్నాళ్ళూ ఆయన అన్న మాట "జ్వరంతో పోయాడు" అనేదొక్కటే.

శనివారం గిరిజన మ్యూజియం, రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి ఏర్పడిన పద్మాపురం తోట చూశాము. సాయంత్రం థింసా నృత్యం. తుడుము, మోరి, కిరిడి మోగుతుంటే ఆడవాళ్ళు ఒకరి వీపు వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని, ఒకే అడుగుగా పాములా మెలికలు తిరుగుతారు. మా పెద్దమ్మాయిని కూడా వరసలోకి లాగారు. మూడు అడుగులకే తడబడి, నాలుగో అడుగుకు దారిలో పడింది.

ఆదివారం జీపులో అనంతగిరి ఘాటు దారిన దిగాము. వెండి ఓకు చెట్ల నీడలో కాఫీ తోటలు, చెట్లకు అల్లుకున్న మిరియపు తీగలు. కాఫీ పళ్ళు ఎరుపెక్కుతున్నాయి. అరకులోయ ఆరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొర్రా గుహల మెట్లు నాన్నగారు దిగలేరని మా ఆవిడ ఆయనతో పైనే ఉండిపోయింది. సున్నపురాతిని వాననీరు బొట్టుబొట్టుగా కరిగించి, మళ్ళీ పేర్చిన వింత అది. కప్పునుంచి వేలాడేవీ, నేలనుంచి లేచేవీ ఎన్ని యుగాలకు కలుస్తాయో! గోస్తనీ నది పుట్టేది ఈ చోటనే. గుహ నెత్తిమీదుగానే రైలు పోతుంది. బయట వెదురుబొంగులో కోడిమాంసం కాలుస్తున్నారు. కార్తీకం గనక వాసనతోనే సరిపెట్టుకున్నాము.

వెళ్ళదలచినవారు దీపావళికీ పౌర్ణమికీ మధ్య వెళ్ళడం మంచిది. బస ముందుగా కుదుర్చుకోండి. రగ్గులు మరవకండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళు కాదన్నా ఇంకోసారి అడగండి.

ఇల్లు చేరాక, పడుకోబోయే ముందు నాన్నగారు చిన్నవాణ్ణి పిలిచారు.

"వచ్చే కార్తీకానికి మళ్ళీ వెళ్దాం. ఈసారి వేళ్ళు మడిచి లెక్కపెట్టు" అన్నారు.