తుపాకీకి పరుపు

మా గరాజ్‌లోని డీప్ ఫ్రీజర్ తెరిస్తే గోంగూర, ములక్కాడ ముక్కలు, కొబ్బరి కోరు, ఊరి నుంచి ఎవరో వస్తూ తెచ్చిన కందిపొడి... ఇవే కనిపిస్తాయి. 2023 అక్టోబరులో ఒక రాత్రి మాత్రం వాటన్నిటి మీదా, నల్ల చెత్తసంచి చుట్టుకుని, ఒక రైఫిల్ పడుకుంది.

‘‘ఇది మా అమ్మకి ఫోన్లో ఎలా చెప్పనండీ?’’ అంది మా ఆవిడ.

చెప్పొద్దన్నాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్‌కి అరగంట దూరంలో. ఇక్కడ జింకల వేట అంటే మనకి సంక్రాంతి లాంటిది. థాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే సోమవారం రైఫిల్ వేట మొదలయ్యేది. ఆ రోజు బడులకి సెలవు. 2019లో దాన్ని శనివారానికి జరిపితే పెద్దవాళ్లు పండగ తేదీ మార్చినంత బాధపడ్డారు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు లైసెన్సు తీసుకోవచ్చు. ఆ పన్నెండో పుట్టినరోజు కోసం తాతలూ మనవలూ కలిసి రోజులు లెక్కపెడతారు.

మా పక్కింటి పెద్దాయన మనవడికి ఆ సెప్టెంబరులో పన్నెండు నిండాయి.

పెద్దాయనకి 77 ఏళ్లు. వియత్నాం నుంచి 1969లో తిరిగొచ్చి ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనికి చేరాడు. మొదటి రెండు నెలల జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో రెమింగ్టన్ 700 రైఫిల్ కొన్నాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. 2016లో మేం ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి చలికాలం, మంచు ఎలా ఎత్తిపోస్తే నడుం పట్టదో నాకు నేర్పింది ఆయనే.

ఆ రైఫిల్ మనవడికి ఇవ్వాలని ఆయన కోరిక. కానీ అది ఈమధ్య గురి తప్పుతోంది. వంద గజాల దూరంలో కాల్చిన మూడు గుళ్లు అరచేయంత మేర చెల్లాచెదురుగా పడుతున్నాయి. ‘‘దానికి బెడ్డింగ్ చెయ్యాలి. నాకేమో చేతులు వణుకుతున్నాయి. నీ చేతులు అప్పిస్తావా?’’ అని అడిగాడు.

తుపాకులంటే నాకు ఇష్టం లేదు. ఈ దేశంలో వారానికోసారి టీవీలో చూసే వార్తలు అలాంటివి. పిల్లల్ని బడికి పంపే ఏ తల్లిదండ్రులకైనా ఆ భయం ఉంటుంది. అయినా అడిగింది ఆయన. ‘బోల్టు తీసేసి, తూటాలు బీరువాలో తాళం వేసి ఉంచితేనే వస్తాను’ అన్నాను. ‘అలా కాకపోతే నేనే రానివ్వను’ అన్నాడాయన.

బెడ్డింగ్ అంటే తుపాకీకి పరుపు వేయడమన్నమాట. నవ్వొచ్చింది గానీ, విన్నాక ఆ మాట సరైనదేననిపించింది. రైఫిల్‌లో తూటా పేలే ఇనుప భాగం, దానికి బిగించిన గొట్టం ఒకటి. భుజానికి ఆనించుకునే చెక్క ఒకటి. చెక్కలో తొలిచిన పల్లంలో ఇనుమును కూర్చోబెట్టి కింద నుంచి మరలు బిగిస్తారు. యాభై ఏళ్లు వానకీ మంచుకీ తడిసి, ఎండి, ఆ వాల్‌నట్ చెక్క కొన్నిచోట్ల ఉబ్బుతుంది, కొన్నిచోట్ల నలుగుతుంది. ఎగుడుదిగుడు నేల మీద వేసిన మంచంలాగా ఇనుము ఎక్కడో ఒక మూల ఊగుతుంది. అలాగే మరలు బిగిస్తే ఇనుము వెంట్రుకవాసి వంగుతుంది. పైగా పేలినప్పుడల్లా ఇనుము మొత్తం వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును చెక్కకి అప్పజెప్పేందుకు గొట్టం మొదట్లో కిందికి దిగిన చిన్న ఉక్కు పలక ఉంటుంది. దాని వెనక చెక్క వదులైతే, పేలిన ప్రతిసారీ రైఫిల్ ఒక్కోలా సర్దుకుంటుంది. గురి పెట్టిన మనిషి తప్పేం లేకపోయినా గుండు దారి తప్పుతుంది.

మందు ఏమిటంటే, ఆ పల్లంలో కాస్త చెక్క తొలిచి, ఎపాక్సీ పోసి, ఇనుమును అందులో కూర్చోబెట్టడం. ఎపాక్సీ అంటే మన ఎం-సీల్, అరల్డైట్ జాతిదే. రెండు డబ్బాల్లోది సమంగా కలిపితే గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇనుము ఒంటికి అచ్చు తీసినట్టు పరుపు తయారవుతుంది. ఆ తర్వాత ఇనుమును బయటికి తీయగలగాలి. అక్కడే ఉంది తంటా అంతా. ఇనుముకి అంటకుండా ముందే ఏదైనా పూయాలి. పెద్దాయన వాడేది బూటు పాలిష్!

మొదటి సాయంత్రం ఆయన ఒక నల్లటి లేపనం తెచ్చి ఇనుముకి పల్చగా రాయమన్నాడు. రాసి, చెక్కలో కూర్చోబెట్టి, తీసి చూస్తే ఎక్కడ తగులుతోందో అక్కడ చెక్క మీద నల్లమచ్చ. మచ్చ పడ్డచోట ఉలితో గోకాలి. మళ్లీ రాయాలి, మళ్లీ చూడాలి.

నా చెయ్యి ఆగిపోయింది.

మా నాన్న వడ్రంగి. పెనుగొండ దగ్గర పల్లెటూళ్లో నాగళ్లు, బళ్లు, ద్వారబంధాలు చేసేవాడు. చెక్కలో ఇనుము బిగించాల్సొస్తే కిరసనాయిలు దీపం మీద ఇనుమును తిప్పి మసి పట్టించేవాడు. దూర్చి తీసి, మసి అంటిన చోట చెక్కేవాడు. ఈ నల్ల లేపనం డబ్బాలో అమ్ముతారు, అది దీపం మసి. అంతే తేడా. నేను ఉలి పట్టుకోబోతే మాత్రం ‘‘నీకెందుకురా ఇది, పోయి పుస్తకం పట్టుకో’’ అని కసిరేవాడు. పుస్తకమే పట్టుకున్నాను. ఇంత దూరం వచ్చాను. 2021 మే నెలలో కరోనా రెండో ఉధృతిలో నాన్న పోయినప్పుడు నేను హెచ్1బీ వీసా మీద ఉన్నాను. వెళ్తే తిరిగి రానివ్వని ఆంక్షలు సరిగ్గా ఆ నెలలోనే మొదలయ్యాయి. వెళ్లలేదు. గ్రీన్ కార్డు మరుసటి ఏడాది వచ్చింది. ఊరెళ్లి పనిముట్ల పెట్టె ఏదిరా అంటే, ‘‘ఎవరో వడ్రంగి అడిగితే ఇచ్చేశానన్నయ్యా, నీకు పనికొస్తాయనుకోలేదు’’ అన్నాడు తమ్ముడు. వాడన్నది నిజమే కదా!

ఆ సాయంత్రం పెద్దాయన వర్క్‌షాపులో ఉలి పడితే నా మణికట్టు దానంతటదే తిరిగింది. నేర్పకపోయినా పక్కన కూర్చుని చూసింది ఎక్కడికి పోతుంది? ‘‘నువ్వు కంప్యూటర్ల పని కాదూ చేసేది?’’ అన్నాడాయన అనుమానంగా.

రెండో సాయంత్రం అసలు పని. తూటాలు కూర్చునే ఖాళీ, ట్రిగ్గర్ ఖాళీ, మరల రంధ్రాలు అన్నిటినీ పిల్లలు ఆడుకునే బంకమట్టితో పూడ్చాం. ఎపాక్సీ అందులోకి జారి గట్టిపడిందా, ఇక ఇనుము బయటికి రాదు. ఉక్కు పలక ముందూ పక్కలా కిందా టేపు అంటించాం. వెనక మాత్రం అంటించం. తన్నును మోసేది ఆ వెనక వైపే కాబట్టి అక్కడ ఎపాక్సీ నేరుగా ఆనాలి. గొట్టానికి ముందు కొన దగ్గర టేపు చుట్లు చుట్టి చెక్క మధ్యలో నిలిచేలా చేశాం. తర్వాత పాలిష్ పని.

‘‘ముందు సగం నువ్వు, వెనక సగం నేను’’ అన్నాడు.

నేను గొట్టానికి పూసి, ఉక్కు పలక దగ్గరికి వచ్చేసరికి ఆఫీసు నుంచి ఫోన్. ఏదో సర్వర్ పడిపోయింది. పది నిమిషాలు బయట మాట్లాడి వచ్చేసరికి ఆయన ఎపాక్సీ కలుపుతున్నాడు. కలిపాక ఇక తీరిక ఉండదు. ‘‘అంతా పూశావా?’’ అన్నాడు. ‘‘పూశాను’’ అన్నాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు. పూశాననే అనుకున్నాను.

గోధుమ రంగు కలిపిన ఎపాక్సీని చిన్న పుల్లతో గాలిబుడగలు లేకుండా పరిచి, ఇనుమును మెల్లగా దించాం. అంచుల్లోంచి పొంగినదాన్ని తెల్ల వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లలతో తుడిచాం. వెనిగర్ మా ఆవిడది. మరలు గట్టిగా బిగించకూడదు. బిగిస్తే ఇనుము వంగి, ఆ వంకర మీదే పరుపు గట్టిపడుతుంది. అందుకని రబ్బరు గొట్టంతో చుట్టి వదిలేశాం.

ఇరవై నాలుగు గంటల తర్వాత మరలు ఊడదీసి, గొట్టం పట్టుకుని లాగాం. రాలేదు. రబ్బరు సుత్తితో తట్టాం. రాలేదు. ఇంకాస్త గట్టిగా తట్టాం. చెక్క మూలిగింది గానీ కదల్లేదు.

పెద్దాయన స్టూలు మీద కూర్చుండిపోయాడు. చాలాసేపటికి, ‘‘నేనే ఎక్కడో పూయడం మర్చిపోయి ఉంటాను’’ అన్నాడు. ‘‘ఈమధ్య పేర్లు గుర్తుండటం లేదు. పోయిన నెల డాక్టరు బొమ్మ గీయమన్నాడు, అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నాడు. మా అక్కకి కూడా ఇలాగే మొదలైంది.’’

ఆయన ఆ మాట అంటుండగానే నాకు గుర్తొచ్చింది. ఫోన్ మోగినప్పుడు నా వేలి మీద పాలిష్ ఉంది. దాన్ని ప్యాంటుకి తుడుచుకుని బయటికి వెళ్లాను. ఉక్కు పలక వెనక వైపు పూయలేదు. ఎపాక్సీ అన్నిటికంటే ఎక్కువగా పట్టేది అక్కడే.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. యాభై ఏళ్ల వస్తువు పాడుచేశానన్న సిగ్గా, ‘పూశాను’ అన్న మాట అడ్డొచ్చిందా... ‘రేపు చూద్దాం లెండి’ అని ఇంటికొచ్చేశాను.

అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే మా ఆవిడ అడిగింది. చెప్పాను. ఆమె పెరుగు గిన్నె కింద పెట్టేసింది. ‘‘పాపం ఆయన తనకి మతి పోతోందని భయపడుతుంటే మీరు చూస్తూ ఊరుకున్నారా?’’

చెయ్యి కడుక్కుని వెళ్లాను. పది దాటింది. వర్క్‌షాపులో దీపం వెలుగుతూనే ఉంది. ఆయన పాలిష్ డబ్బా ముందు పెట్టుకుని, తను ఎక్కడెక్కడ పూశాడో వేలితో గాలిలో మళ్లీ పూస్తున్నాడు. వరస గుర్తు చేసుకుంటున్నాడన్నమాట. నేను ఫోన్ సంగతీ, ప్యాంటు మరకా అన్నీ చెప్పాను. మరక చూపించాను కూడా.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. పాలిష్ డబ్బాకి మూత పెట్టాడు. ‘‘నువ్వు రాకపోతే ఈ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు’’ అన్నాడు. కాసేపాగి, ‘‘మీ ఇంట్లో పెద్ద ఫ్రీజర్ ఉంది కదూ?’’ అన్నాడు.

చలికి ఇనుము, చెక్క, జిగురు ఒకే లెక్కన ముడుచుకోవు. ఆ తేడాకి పట్టు విడిపోతుందట. ఆయన ఫ్రీజర్ చిన్నది, మాది నాలుగు కుటుంబాల పండగ వంటలకని కొన్నది. అలా వచ్చింది రైఫిల్ మా గోంగూర మీదకి.

తెల్లారి ఆరున్నరకి తీసి, బల్ల మీద దుప్పటి పరిచి, చెక్క ఆయన పట్టుకుంటే నేను గొట్టం మీద రబ్బరు సుత్తితో తట్టాను. మూడో దెబ్బకి ‘టక్’మంది. ఆ చప్పుడు విని ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. ఉక్కు పలక వెనక గోరంత ఎపాక్సీ పెచ్చు ఊడింది, అంతే. ఆ చోట మళ్లీ కొంచెం కలిపి పూడ్చాం. ఈసారి పాలిష్ నేను పూస్తుంటే ఆయన టార్చి వేసి చూశాడు. నా ఫోన్ మా ఇంట్లోనే వదిలేసి వెళ్లాను.

చివర్లో గొట్టం కింద చెక్కను ఉప్పుకాగితంతో రుద్ది, ఒక డాలరు నోటును ఆ సందులో కొన నుంచి మొదలు దాకా జరిపి చూశాం. ఎక్కడా తగల్లేదు.

నవంబరు మొదట్లో మనవణ్ని కాల్చే మైదానానికి తీసుకెళ్తూ నన్నూ రమ్మన్నాడు. పిల్లవాడి కోసం భుజానికి దెబ్బ తక్కువ తగిలే తూటాలు కొన్నాడు. మొదట తనే బల్ల మీద ఇసుక సంచుల మధ్య రైఫిల్ ఆనించి మూడు కాల్చాడు. రెండు రూపాయి బిళ్లలు పక్కపక్కన పెడితే కప్పేసేంత జాగాలో పడ్డాయి మూడూ. తర్వాత కుర్రాడు కాల్చాడు. వాడివి అంత దగ్గరగా పడలేదు. ‘‘అది చెక్క తప్పు కాదు’’ అన్నాడు తాత. వాడు మూతి ముడుచుకున్నాడు.

ఆ డిసెంబరులో జింక దొరికిందో లేదో నేను అడగలేదు. మేం మాంసం తినమని ఆయనకి తెలుసు. ఒక సాయంత్రం ఆపిల్ పై పట్టుకొచ్చి, ‘‘గుడ్డు వెయ్యలేదు, వెన్నే’’ అని ముందే చెప్పి ఇచ్చాడు. మర్నాడు మా ఆవిడ ఆ పళ్లెం కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని అరడజను సున్నుండలు పెట్టి నా చేతికిచ్చింది.