చార్లీ వాట్స్ డ్రమ్మూ, మా తాత డోలూ

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఇంగ్లండులో రోలింగ్ స్టోన్స్ అని ఒక రాక్ బ్యాండు ఉంది. 1962లో మొదలైంది. 2023 అక్టోబరులో వాళ్ళు 'హాక్నీ డైమండ్స్' అని ఆల్బమ్ తెచ్చారు. సొంత పాటలతో ఆల్బమ్ వచ్చి అప్పటికి 18 ఏళ్ళు. పాడిన మిక్ జాగర్‌కి 80 ఏళ్ళు. ముసలాళ్ళ పాట ఎవడు వింటాడులే అనుకుంటాం కదా. వాళ్ళ దేశంలో అమ్మకాల్లో మొదటి స్థానం వచ్చింది. 2025లో ఉత్తమ రాక్ ఆల్బమ్‌గా గ్రామీ కూడా ఇచ్చారు.

నాకు మాత్రం ఇంకో సంగతి పట్టుకుంది. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 2021లోనే చనిపోయాడు. అయినా ఆ ఆల్బమ్‌లో రెండు పాటలకి దరువు అతనిదే. బతికుండగా రికార్డు చేసి దాచారు. మనిషి పోయిన రెండేళ్ళకి అతని చెయ్యి కొత్త పాటలో మోగింది.

ఇప్పుడు మన పెద్దాయన గురించి. సకిని రామచంద్రయ్య గారిది మణుగూరు మండలం కూనవరం. శబరి కలిసే చోట ఉన్న కూనవరం వేరు. మా కోయల్లో డోలి కళాకారుడు. డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల కథ కోయలోనూ తెలుగులోనూ చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. గుర్తింపుకీ చావుకీ మధ్య రెండున్నరేళ్ళు కూడా లేవు.

ఆ ఏడాదే పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య గారిని చూడండి. చాలామందికి ఆయన 2021లో 'భీమ్లా నాయక్' పాటతోనే తెలిశారు. ఆ పాటలో ఆయనకి దొరికింది కాసేపే. పండుగ సాయన్న కథ మొత్తం కిన్నెర మీద కూర్చుని విన్నవాళ్ళు మనలో ఎంతమంది? శాలువా కప్పాం, సెల్ఫీ దిగాం. పాట వినడం మాత్రం మిగిలిపోయింది.

మాది పోలవరం ముంపు ఊరు. ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. ఇళ్ళు వరసగా కట్టారు, రేల ఆడ్డానికి గుండ్రంగా తిరిగే జాగా లేదు. రాత్రి డోలు వేస్తే పక్క ఊరోళ్ళు గొడవకొస్తున్నారు. మా తాత డోలు అటక మీద ఉంది. శివరాత్రికి పట్టిసం తీర్థానికి తీసుకెళ్తే, రేవు దగ్గర సౌండు బాక్సులు విని, "మన డోలుకి ఇంత గోల అక్కర్లేదురా, అడివే మోసుకెళ్ళేది" అన్నాడు.

పాటలు రికార్డు చేస్తా తాతా అంటే నవ్వాడు. "భూమి పండగ పాట మొదలెడితే తెల్లారుద్ది. నీ సెల్లులో ఛార్జింగు అంతసేపు ఉంటదా?" అని అడిగాడు. పవర్ బ్యాంకు చూపించాక ఒప్పుకున్నాడు. మూడు రాత్రులు పట్టింది. మధ్యలో కొన్ని చోట్ల ఆగి, "ఇది వేల్పుల దగ్గర తప్ప పాడకూడదు, ఆపు" అన్నాడు. ఆపాను.

స్టోన్స్‌కి కంపెనీ ఉంది, స్టూడియో ఉంది, 60 ఏళ్ళ రికార్డులున్నాయి. కొత్త పాట రాగానే పాతదానితో పోల్చి మాట్లాడ్డానికి జనం ఉన్నారు. మన పెద్దోళ్ళకి ఉన్నది మనమే.

అందుకే ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒక్కరినైనా రికార్డు చేయండి. ముప్పై సెకన్ల రీలు వద్దు, పాట మొత్తం. పాడినవారి పేరు, ఇప్పటి ఊరు, మునిగిన పాత ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో మొదట్లో వాళ్ళ నోటితోనే చెప్పించండి. బయట పెట్టొచ్చా అని అడగండి. వద్దంటే ఇంట్లోనే దాచండి. రెండు కాపీలు వేరువేరు చోట్ల ఉంచండి, ఫోను పోతే పాట పోకూడదు.

అన్నిటికంటే ముందు, పాడినాయన పక్కన కూర్చుని ఆ రికార్డింగు మళ్ళీ వినండి. మా తాత తన గొంతు తాను విని, "ఈ ముక్క తప్పాను, మళ్ళీ పట్టు" అన్నాడు. ఆయనకి 70 దాటాయి. మర్నాడు అటక మీంచి డోలు దింపమన్నాడు.

జై ఆదివాసీ.