నిమ్మకాయా? బాణం గుర్తా?

నగిషీ బాగా కుదిరితే మనవాళ్ళు ‘ఆ చేతిలో మహిమ ఉంది’ అంటారు. చెడిపోతే ‘దిష్టి తగిలింది’ అంటారు. పొగడ్తకు ఒకటి, ఓదార్పుకు ఒకటి. కానీ రెండు మాటలూ చేసే పని ఒకటే: కారణం వెతికే శ్రమ తప్పిస్తాయి. ఒక పుస్తకాల బీరువా చేయించుకుంటూ గమనించిన సంగతులు హేతువాద మిత్రులతో పంచుకుందామని ఈ నాలుగు మాటలు.

ఖరగ్‌పూర్ గురించి తెలియనివారికి ముందుగా ఒక మాట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. ఐఐటీ పక్కనున్న ప్రేమ్ బజార్‌లో నా బీరువా చేసిన వడ్రంగి కూడా అలా వచ్చిన కుటుంబంలో మూడో తరం మనిషి. ఆయన భాగస్వామి బెంగాలీ. వాళ్ళ షెడ్డులో ఒక చేతి రూటర్ ఉంది. దానికి పైన దూలానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతుంటాయి.

రూటర్ అంటే ఇక్కడ ఇంటర్నెట్ పెట్టె కాదు. మోటారు కింద బిగించిన బిట్ గిర్రున తిరుగుతూ చెక్క అంచును చెక్కే మిషన్. బిట్ ఆకారాన్ని బట్టి అంచు గుండ్రంగానో, ఏటవాలుగానో, అలలాగానో వస్తుంది. బిట్ చివరనుండే చిన్న బేరింగ్ చెక్కకు ఆనుకుని దొర్లుతూ, కోత లోపలికి పోకుండా ఆపుతుంది. ఒకప్పుడు ఉలితోనూ చిత్రికతోనూ పూటంతా పట్టే అంచు ఇప్పుడు నిమిషాల్లో తయారవుతుంది.

ఒకరోజు కొత్తగా చేరిన పనివాడు టేకు పలక అంచును కుడి నుంచి ఎడమకు చెక్కబోయాడు. మిషన్ ఒక్కసారిగా ఎగిరి అంచు వెంట పరుగెత్తింది. పలక పెచ్చు లేచిపోయింది. వేళ్ళు దక్కాయి.

‘దిష్టి బాబూ! పొద్దున మీరే చెక్క బాగుందన్నారు కదా’ అన్నారు వడ్రంగి. వెంటనే కొత్త నిమ్మకాయ కట్టారు.

నేను వాదించలేదు. ‘మేస్త్రీ గారూ, పనికిరాని ముక్కల మీద మీరే రెండు వైపులా తోసి చూస్తారా?’ అన్నాను. ఆయన ముక్కల్ని బల్లకు గట్టిగా బిగించి, కోత బాగా తగ్గించి, రెండు చేతులతో పట్టుకుని చూశారు. ఎడమ నుంచి కుడికి మూడుసార్లు: మూడుసార్లూ మిషన్ నిలకడగా నడిచింది. కుడి నుంచి ఎడమకు మూడుసార్లు: మూడుసార్లూ చేతిని లాగింది. ఆరుసార్లూ పైన ఉన్నది అదే నిమ్మకాయ!

కారణం చిన్నదే. పైనుంచి చూస్తే చేతి రూటర్ బిట్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. మన ముందున్న అంచు మీద ఎడమ నుంచి కుడికి తోస్తే చెక్క బిట్‌ను వెనక్కి నెడుతుంది. మనం తోసినంతే అది కదులుతుంది. వ్యతిరేక దిశలో తోస్తే బిట్ పళ్ళు చక్రంలా చెక్కను పట్టుకుని ముందుకు ఉరుకుతాయి.

అసలు విశేషం ఏమిటంటే, ఆ వడ్రంగి ఎప్పుడూ సరైన దిశలోనే తోస్తారు! గురువు దగ్గర నేర్చిన పద్ధతి అది. ఆయన చేతికి తెలిసిన ఆ విషయం నోటిదాకా రాలేదు. ప్రమాదానికి దిష్టి అనే జవాబు సిద్ధంగా ఉన్నప్పుడు కుర్రవాడికి దిశ గురించి చెప్పాలని ఎందుకు తోస్తుంది? మూఢనమ్మకం చేసే అసలు నష్టం నిమ్మకాయ ఖర్చు కాదు, ఇదే.

అయితే ‘ఎడమ నుంచి కుడికి’ అన్నదాన్ని కూడా మంత్రంలా బట్టీ పడితే ప్రమాదమే. అదే రూటర్‌ను తలకిందులు చేసి బల్ల కింద బిగిస్తే, పైనుంచి చూసేవారికి బిట్ ఎదురు దిశలో తిరుగుతుంది. అప్పుడు చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి. కారణం తెలిసినవాడు నియమాన్ని తిప్పుకోగలడు. బట్టీ పట్టినవాడు వేలు పోగొట్టుకుంటాడు.

వేగం సంగతీ అంతే. 50 మిల్లీమీటర్ల బిట్‌ను నిమిషానికి 24,000 చుట్లు తిప్పితే దాని అంచు సెకనుకు దాదాపు 63 మీటర్లు, అంటే గంటకు 226 కిలోమీటర్లు పోతుంది. పెద్ద బిట్‌కు వేగం ఎందుకు తగ్గించాలో ఈ లెక్కే చెబుతుంది. అంచు నల్లగా మాడితే గ్రహాల్ని తిట్టనక్కరలేదు; బిట్ మొద్దుబారిందా, జిగురు పట్టిందా, మరీ మెల్లగా తోస్తున్నామా అని చూస్తే చాలు.

ఇంకో తమాషా. బెంగాలీ భాగస్వామి లెక్కలో ఆ మిషన్‌కు పూజ సాధారణంగా సెప్టెంబరు 17న, విశ్వకర్మ పూజ రోజు. తెలుగు మేస్త్రీ లెక్కలో దసరాకి, ఆయుధ పూజ రోజు. బిట్ మాత్రం రెండు పంచాంగాలకూ ఒకేలా తిరుగుతుంది. ఒకటి ఒప్పుకోవాలి: ఆ రెండు రోజులూ మిషన్‌ను విప్పి, తుడిచి, దుమ్ము దులుపుతారు. మేలు జరిగేది అందువల్లే. ఆ పని వారం వారం చేస్తే ఇంకా మేలు.

ఆ దుమ్మునూ తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చి 1995లో ప్రచురించింది. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు, బిట్ మార్చేటప్పుడు ప్లగ్గు పీకడం: వీటికి ముహూర్తంతో పని లేదు.

ఇప్పుడు ఆ రూటర్ మీద పెయింటుతో గీసిన ఎర్ర బాణం గుర్తు ఉంది. నిమ్మకాయ కూడా ఉంది; తీసేయమని నేను అడగలేదు. పనివాడు మిషన్ ఆన్ చేసేముందు దేని వైపు చూస్తున్నాడన్నదే ముఖ్యం. మీ ఊరి వర్క్‌షాపుల్లో మిషన్లకు నిమ్మకాయలు ఎన్ని ఉన్నాయో, బాణాలు ఎన్ని ఉన్నాయో ఓసారి లెక్కపెట్టి చూడండి.