ఆయన నా నోట పెట్టిన ప్రశ్న

వృత్తిలో నాకు దారి చూపిన ఒక పెద్ద వైద్యులు గత నెలలో కన్నుమూశారు. వారి పేరు రాయడం లేదు. బ్రతికి ఉన్నప్పుడే సన్మానాలకు అంగీకరించని మనిషి. అయితే వారి వద్ద నేను నేర్చుకున్న ఒక సంగతి మీకు కూడా పనికివస్తుంది కనుక ఈ నాలుగు మాటలు.

1980ల ఆరంభంలో నేను విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరాను. 1933లో నౌకలకు తెరుచుకున్న రేవు ఒకవైపు, 1971లో శంకుస్థాపన జరిగి అప్పటికి నిర్మాణంలో ఉన్న ఉక్కు కర్మాగారం మరొకవైపు. మా వరండాలో బారులు తీరేవారిలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన కూలీలే అధికం. నేను అనంతపురం వాడిని. మేము పడిశం అనేదానిని వారు రొంప అంటారు. 'కలాసీ' అంటే రేవులో ఏ పని చేసేవాడో కూడా నాకు తెలియదు. ఒక ఆదివారం ఆయన నన్ను తన స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని రేవు పరిసరాలకు తీసుకువెళ్ళి, బొగ్గు, ఇనుప ఖనిజం ఎత్తిపోసే చోట్లను దూరం నుంచి చూపించారు. "వీళ్ళ ఊపిరితిత్తులను వినేముందు వీళ్ళు పీల్చే గాలిని చూడండి" అన్నారు. వయసులో అంత పెద్దవారు, నన్ను ఏనాడూ 'నువ్వు' అనలేదు.

ఒకరోజు దగ్గుతో వచ్చిన ఒక వృద్ధుడు నన్ను చూసి, "పెద్ద డాక్టరుగారిని పిలవండి బాబూ" అన్నాడు. ఆయన వచ్చారు. కానీ నా కుర్చీలో కూర్చోలేదు. పక్కన బల్ల మీద కూర్చుని, "ఈ బాబే చూస్తారు, నేను వింటాను" అన్నారు. నేను పరీక్ష మొదలుపెట్టబోతుండగా రోగి వైపు వంగి, "ఏం పని చేస్తావని డాక్టరుగారు అడుగుతున్నారు. ఇప్పటి పనే కాదు, వెనకటిది కూడా" అన్నారు. నేను ఇంకా నోరు విప్పనే లేదు! ప్రశ్న ఆయనది, గౌరవం నాకు.

వృద్ధుడు అప్పుడు కాపలాదారు. అంతకు ముందు పన్నెండేళ్ళు క్వారీలో రాళ్ళు పగలగొట్టాడట.

'మీ వృత్తి ఏమిటి?' అని రోగిని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే రాశాడు. రాతి పొడిలోని సిలికా అతి సూక్ష్మమైన రేణువులుగా ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కట్టిస్తుంది. దీనినే సిలికోసిస్ అంటారు. సాధారణంగా పదేళ్ళకో, ఇంకా ఆలస్యంగానో బయటపడుతుంది, పని మానేసిన తరువాత కూడా. ఆ మచ్చలను మాన్పే మందు లేదు. పైగా సిలికా పీల్చినవారికి క్షయ సోకే ప్రమాదం ఎక్కువ. అందుకే ఆ వృద్ధుడికి ఎక్స్‌రేతో పాటు కళ్ళె పరీక్ష కూడా చేయించాము. క్షయ క్రిములు కనిపించాయి.

ఆసుపత్రి చీటీలో వృత్తి అనే గడిలో 'కూలీ' అని రాసి వదిలేయడం ఆయనకు గిట్టేది కాదు. ఏ కూలీ, ఎక్కడ, ఎన్నేళ్ళు అని మూడూ ఉండాలనేవారు. అది చాదస్తం కాదు. అప్పట్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం సిలికోసిస్ ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధిగా ఉండేది, కార్మికుల నష్టపరిహార చట్టంలో కూడా దానికి చోటుండేది. చీటీలో ఆ ఒక్క ముక్క లేకపోతే, రేపు ఆ ఇంటి ఇల్లాలు ఏ కాగితం పట్టుకుని పరిహారం అడగగలదు?

కనుక మీ డాక్టరు అడగకపోయినా మీ పని గురించి చెప్పండి. వెల్డింగు, రాతి కోత, ఇసుక అచ్చుల పోత, పాలిషింగు వంటివి చేసి ఉంటే, మానేసి ఇరవై ఏళ్ళయినా సరే, చెప్పండి.

ఆ వృద్ధుడికి క్షయ మందులతో నయమైంది, ఆయాసం మాత్రం మిగిలింది. తరువాత ఎప్పుడు వచ్చినా వరండాలో నిలబడి, "నా పని అడిగిన ఆ చిన్న డాక్టరుగారు ఉన్నారా?" అనేవాడు. ఆ మాట విని పెద్దాయన ఏమీ ఎరగనట్టు పక్క రోగి నాడి చూస్తూ ఉండేవారు.