అతుకులోని మెలకువ

రెండు పదాలను కలిపితే సంధి అంటాము. ‘రాముడు’, ‘ఎక్కడ’ అనే మాటలు కలిసి ‘రాముడెక్కడ’ అయినప్పుడు అంచున ఉన్న ఉకారం ఒక్కటే లోపిస్తుంది. అర్థానికి ఏ లోటూ రాదు. ఏటేటా ఈ సూత్రాన్ని తరగతిలో చెబుతూ వస్తున్న నాకు, లోహాలను అతికే విద్యలో కూడా ఇదే న్యాయం ఉన్నదని ఇటీవలనే బోధపడింది. అందుకు కారకుడు మన కళాశాల విద్యార్థియే.

అతని తండ్రి తోపుడు బండిపై పండ్లు అమ్ముకొని జీవించేవాడు. సాయంకాలపు బేరానికి దీపం కావలె. పాడైన లాప్‌టాప్‌ల బ్యాటరీలు విప్పి, అందులో ఇంకా సత్తువ ఉన్న సెల్స్‌ను ఏరి, ఒక కట్టగా అతికి దీపం తయారు చేయాలని అతని సంకల్పం. ఒకనాడు నా వద్దకు వచ్చి, “సార్, అతికే విధానమంతా ఇంగ్లీషులోనే ఉన్నది. సగం అర్థమవుతుంది, సగం కాదు. తెలుగులో రాసిస్తారా?” అని అడిగినాడు. రాత్రివేళ దీపం ఎక్కడ ఉంచుతారని అడిగితే, అయిదుగురు నిద్రించే గదిలోనే దానికి ఛార్జి పెడతామన్నాడు. ఆ మాట విన్న తరువాత, వ్యాకరణ పాఠం కంటె ముందుగా చేయవలసిన పని ఇదేనని నాకు తోచింది. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని అడిగి, బ్యాటరీలు కట్టే ఒక దుకాణంలో రెండు సాయంకాలాలు కూర్చుండి తెలుసుకొన్న సంగతులనే ఇక్కడ మనవి చేస్తున్నాను.

సెల్‌ను మన పాఠ్యపుస్తకాలలో విద్యుద్ఘటం అంటారు. ఘటమంటే కుండ. ఆవంలో కాలనిదే కుండ కుండ కాదు. కాని ఈ ఘటానికి వేడియే పరమ శత్రువు. 1991లో మొదటిసారిగా అంగడికి వచ్చి, తన నిర్మాతలైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానం తెచ్చిపెట్టిన లిథియం అయాన్ బ్యాటరీ వంశానికి చెందినదే ఇది. లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే గుండ్రని ఘటం పేరు 18650. పేరులోనే కొలత ఉన్నది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. పూర్తిగా ఛార్జి అయినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. లోపల ఒక అల్యూమినియం రేకు, ఒక రాగి రేకు, వాటిపై రసాయనపు పూతలు, రెంటి నడుమ తలవెంట్రుక కంటె పలుచనైన ప్లాస్టిక్ పొర. వీటన్నిటినీ చాపలా చుట్టి, మండే గుణం గల ద్రవంలో తడిపి, ఉక్కు గొట్టంలో బిగిస్తారు. రెండు రేకులూ ఒకదానినొకటి తాకకుండా కాపాడేది ఆ పలుచని పొరయే. పాలిథీన్‌తో చేసిన పొర సుమారు 130 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది.

ఇక మనవారు సాధారణంగా చేసే పని చూడండి. రేడియో బాగుచేసే అలవాటుతో సోల్డరింగ్ కడ్డీ తీసుకొని ఘటం మీదనే టంకం పెడతారు. ఉర్దూలో టాంకా అంటే కుట్టు అనీ, లోహపు అతుకు అనీ రెండర్థాలున్నాయి. ఈ అతుకు కూడా కుట్టు వంటిదే. సూది ఎంత లోతుకు దిగుతున్నదో చూసుకోవలె. సీసం కలిసిన టంకం కరగటానికి 183 డిగ్రీలు దాటిన వేడి కావలె. కడ్డీ మొన 300 నుండి 400 డిగ్రీల వరకు ఉంటుంది. ఘటపు ఉక్కు వేడిని ఎప్పటికప్పుడు లాగివేయటం చేత టంకం తొందరగా అంటుకోదు. కడ్డీని మరికొన్ని క్షణాలు అదిమి పట్టవలసి వస్తుంది. ఆ క్షణాలలోనే వేడి లోపలికి దిగుతుంది. ఋణధ్రువం వైపు, అనగా అడుగున, రేకుల చుట్ట ఉక్కుకు మరీ దగ్గరగా ఉంటుంది. ధనధ్రువం వైపు మూత కింద ప్లాస్టిక్ వలయమూ, పీడనం పెరిగితే వాయువును బయటకు వదిలే రక్షణ ద్వారమూ ఉంటాయి. ఎటు కాల్చినా చేటే.

ఇందులోని మోసమేమనగా, ఆ రోజున ఏమీ జరగదు. దీపం చక్కగా వెలుగుతుంది. మన విద్యార్థి అప్పటికే రెండు ఘటాలకు టంకం పెట్టి ఉన్నాడు. వాటిని పక్కన పెట్టమన్నప్పుడు అతని ముఖం చిన్నబోయింది. “వెలుగుతున్నాయి కదా సార్!” అన్నాడు. వెలగటం వేరు, క్షేమంగా ఉండటం వేరు. లోపల ముడుచుకుపోయిన పొర బయటికి కనిపించదు. ఏ నెలకో, ఏ రాత్రికో ఛార్జి పెట్టి ఉన్న వేళ రెండు రేకులు తాకితే అప్పుడు తెలుస్తుంది.

మరి అతికే మార్గమేది? దుకాణంలోని పెద్దాయన ఒక్క మాటలో చెప్పినాడు: “దెబ్బ పడాలి సార్, వేడి దిగకూడదు.” దీనినే స్పాట్ వెల్డింగ్ అంటారు. విద్యుత్తుతో లోహాలను ఈ విధంగా అతికే యంత్రానికి ఎలిహు థామ్సన్ 1886లో అమెరికాలో పేటెంటు పొందినాడు. పావు మిల్లీమీటరు కూడా మందం లేని నికెల్ పట్టీని ఘటం మీద ఉంచి, రెండు రాగి మొనలతో అదిమి, వందల ఆంపియర్ల విద్యుత్తును సెకనులో కొన్ని వేయవ వంతుల కాలం మాత్రమే పంపుతారు. విద్యుత్తు వర్గానికీ, నిరోధానికీ, కాలానికీ తగినట్లు వేడి పుడుతుందని 1841లో జౌల్ చెప్పిన నియమం ఇక్కడ పని చేస్తుంది. పట్టీ, ఉక్కు తాకేచోట నిరోధం హెచ్చు గనుక అక్కడే చుక్కంత మేర లోహం కరిగి ఒకటవుతుంది. కాలం అత్యల్పం గనుక వేడి లోపలి పొరకు చేరేలోగానే చెదరిపోతుంది. అంచున ఉకారం పోయినట్లు చుక్కంత లోహమే కరిగింది. లోపలి అర్థం చెడలేదు.

పట్టీ మధ్య సన్నని చీలిక ఉంటే విద్యుత్తు పట్టీలోనే అడ్డదారిన పోక ఘటపు లోహం గుండా పోతుంది, అతుకు గట్టిపడుతుంది. వృథా అయిన ఘటంపై ముందుగా పరీక్షించవలె. పట్టీని ఊడదీస్తే అది చిరిగి, అతికిన చుక్కలు ఘటాన్నే అంటిపెట్టుకొని ఉంటే అతుకు మంచిదని గుర్తు. నికెల్ పేరుతో పూత పూసిన ఉక్కు పట్టీలను అమ్మేవారున్నారు. పట్టీని గీకి ఉప్పునీటిలో ఉంచితే ఉక్కు తుప్పు పట్టి తన కులం తాను చెబుతుంది.

యంత్రం లేనివారు ముందే పట్టీ అతికిన ఘటాలు కొని, ఆ పట్టీ చివర మాత్రమే టంకం పెట్టుకొనవచ్చును. చిన్న దీపానికైతే స్ప్రింగులున్న సెల్ డబ్బా చాలును. పక్కపక్కన కలిపే ఘటాల వోల్టేజి ముందుగా సమానంగా ఉండవలె. లేనిచో నిండినదాని నుండి తరిగినదానికి విద్యుత్తు ఉరుకుతుంది. ఘటపు ఒళ్లంతా ఋణధ్రువమే గనుక ధనధ్రువం చుట్టూ కాగితపు వలయం అంటించవలె. చేతికి ఉంగరాలు, గాజులు ఉండరాదు. ఛార్జింగును అదుపులో ఉంచే రక్షణ పలక లేకుండా కట్టను వాడరాదు.

2022 సెప్టెంబరు 12వ తేదీన సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో లేచిన మంటల పొగ పైనున్న హోటలుకు ఎగబాకి ఎనిమిది మంది మరణించినారు. ఆ ప్రమాదాన్ని ఏదో ఒక అతుకుకు ముడిపెట్టటం నా ఉద్దేశం కాదు. పొగకు మెట్ల దారి చాలునని మరువరాదు. ఒకే గది ఇళ్లలో ఆ మెట్లయినా ఉండవు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక చిన్న స్పాట్ వెల్డింగ్ యంత్రాన్ని ఉంచి, దాని పక్కన ఈ జాగ్రత్తలను తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించి గోడకు తగిలించవలెనని కోరుతున్నాను. పిల్లలు ఎలాగూ కడతారు. మన కళ్లెదుట కట్టటం మేలు. విద్యార్థులారా, మీ చేతులకు పని నేర్పండి. చేసే ముందు ఎందుకని అడగండి. అర్థం కాని భాషలో ఉంటే, అర్థమయ్యే భాషలో చెప్పమని మమ్మల్ని నిలదీయండి. అధ్యాపకులమైన మాకు అంతకంటె గౌరవం వేరే లేదు.